కిందటిసారి లాగానే

ఆ పేటలో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. సర్వే ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగే నలుగురిలో ఆమె ఒకరు, కాంట్రాక్టు మనిషి. మూడు నెలలకొకసారి అవే నలభై ఇళ్ళ తలుపులు తట్టాలి. ఇంట్లో ఎవరు పనిలో ఉన్నారు, ఎవరు లేరు, లేనివాళ్ళు పని కోసం వెతుకుతున్నారా లేదా అని అడిగి, కాగితాల మీద పెన్సిలుతో రాసుకోవాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె టర్నరు మేస్త్రీ వాళ్ళ గుమ్మంలో ఉంది. అది ఆ రోజుకి మూడో ఇల్లు.

మేస్త్రీ గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, పంపుల ఫ్యాక్టరీలో ఇనుము కోసే లేతు మిషను మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు. లోపల ఆయన భార్య ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నాలుగిళ్ళ బట్టలు తెచ్చుకుని పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి తెములుతుంది. లెక్కలమ్మని చూడగానే ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్టూలు ఒకటి కాలితో ముందుకు జరిపింది.

"మేస్త్రీ గారూ, కిందటిసారి లాగానేనా?"

"అంతేనమ్మా."

ఆమె కాగితం మీద పాత గడిలోనే టిక్కు పెట్టింది. పనిలో లేరు, వెతకడం లేదు. అర నిమిషం పట్టలేదు.

అలా అడగడం ఆమె కనిపెట్టింది కాదు. మూడేళ్ళ కిందట పంపుల ఫ్యాక్టరీ, బట్టల మిల్లు ఒకే నెలలో మూతపడ్డప్పుడు ఈ పేటలో ఏ తలుపు తట్టినా ఇద్దరు ఖాళీ మనుషులు కనిపించేవాళ్ళు. ఖాళీగా ఉన్న ప్రతి మనిషికీ ఆరు పేజీల ప్రశ్నలు. నలుగురు మనుషులు ఊరంతా తిరగలేక చేతులెత్తేస్తే, సూపర్‌వైజరు ఒక వెసులుబాటు ఇచ్చాడు. ఏ మార్పూ లేదన్నవాళ్ళకి కిందటిసారి జవాబే ఎక్కించేయండి, ఈ కష్టం తీరేదాకా, అన్నాడు. కష్టం తీరింది. ఫ్యాక్టరీ తిరిగి తెరుచుకుంది. లారీలు వరసకట్టి వెళుతున్నాయి. వెసులుబాటుని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అది ఉందన్న సంగతే అందరూ మర్చిపోయారు. అడగడమంటే ఇదే అన్నట్టు అయిపోయింది.

మేస్త్రీ లేచి, మేకుకి తగిలించిన నీలం చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఫ్యాక్టరీ చొక్కా. జేబు మీద కుట్టిన అక్షరాలు వెలిసిపోయాయి గానీ కాలరు కొత్తగా మార్చి కుట్టి ఉంది. టిఫిను డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. కాగితాలు సర్దుకుంటున్న లెక్కలమ్మ, ఊరికే మాటవరసకి, ఎక్కడికి బయల్దేరారని అడిగింది.

షెడ్డుకి అన్నాడాయన. కష్టం వచ్చిన ఏడాది మున్సిపాలిటీవాళ్ళు పాత గోడౌనులో రెండు లేతు మిషన్లు, ఒక డ్రిల్లు పెట్టి తెరిచిన షెడ్డు అది. పని పోయినవాళ్ళు చేతిలో పనితనం పోకుండా అక్కడ సాధన చేసుకోవచ్చు. పదింటిదాకా అక్కడుంటాడట. తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. గేటు దగ్గర పన్నెండు దాకా.

"రోజూనా?"

"ఆదివారం గేటు తియ్యరమ్మా."

లెక్కలమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. "మరి పని కోసం వెతుకుతున్నట్టేగా మీరు?"

"వెతకడమేముంది? పోయిన వస్తువునైతే వెతుకుతారు. నా పని ఎక్కడుందో నాకు తెలుసు, ఆ గోడ లోపలుంది. పిలిచేదాకా బయట నిలబడాలి, అంతే."

ఆమె సంచిలోంచి పాత కాగితాల కట్ట తీసి, ఈ ఇంటివి ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. పదకొండు విడతలు. పదకొండింట్లోనూ అదే గడి, అదే టిక్కు, అన్నీ తన చేత్తో పెట్టినవే. అన్నిటికంటే అడుగున ఉన్న మొట్టమొదటి కాగితంలో మాత్రం కారణం రాసి ఉంది. కుడి మణికట్టు విరిగింది, కట్టులో ఉంది, ఈ నెల వెతకలేదు.

ఆమె అది పైకే చదివింది. లోపలి నుంచి మేస్త్రీ భార్య తల బయటికి పెట్టింది. "ఆయన కట్టు విప్పి మూడేళ్ళయింది. మీ కాగితంలో ఇంకా విప్పలేదా లెక్కలమ్మా?"

మేస్త్రీ నవ్వాడు. లెక్కలమ్మకి నవ్వు రాలేదు. ఆరు పేజీలూ సరిగ్గా రాయాలి, కాసేపు కూర్చోండి అంటే, ఆయన గోడ గడియారం వైపు చూశాడు. గేటు దగ్గర ముందు వరసలో ఉంటేనే మనిషి కనబడతాడు, ఇంకోరోజు రమ్మన్నాడు. ఆమె పొద్దున పెట్టిన టిక్కుని రబ్బరుతో చెరిపి, ఆ కాగితాన్ని ఖాళీగా సంచిలో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు. డైరెక్టరు నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తుడుచుకుంటే గానీ మాట మొదలుపెట్టడు. అటెండరుని కూడా మీరు అనే పిలుస్తాడు. ఆయన గోడకి ఒక పెద్ద గీతల పటం తగిలించి, చిన్న కర్రతో చూపిస్తూ చెప్పాడు. ఫ్యాక్టరీ, మిల్లు మూతపడ్డ దెబ్బ తగలకముందు ఊళ్ళో వందకి ఐదుగురు పని లేకుండా ఉండేవాళ్ళు. ఆ మాత్రం ఎప్పుడూ ఉంటారు గనక దాన్నే సహజ స్థాయి అనుకున్నారు. దెబ్బ తగిలిన ఏడాది పద్నాలుగైంది. దిగుతూ దిగుతూ ఏడు దగ్గరకొచ్చి ఆగింది. ఏడాదిన్నరగా అక్కడే ఉంది. కాబట్టి ఇప్పుడు సహజ స్థాయి ఏడు. అంటే కష్టకాలం అధికారికంగా ముగిసింది. కష్టకాలం కోసం తెరిచిన షెడ్డుని శుక్రవారంతో మూసేయొచ్చని మున్సిపాలిటీకి రాస్తున్నామని, ఉత్తరం తయారుగా ఉందని చెప్పి, అందరికీ టీ పొయ్యమన్నాడు.

షెడ్డు మాట వినగానే లెక్కలమ్మకి నీలం చొక్కా కళ్ళ ముందు మెదిలింది. మీటింగుల్లో నోరు మెదిపే మనిషి కాదామె. ఆ రోజు లేచి నిలబడింది.

"సార్, ఐదుకి తిరిగి రాలేదు కదా. ఏడు సహజమెలా అవుతుంది?"

డైరెక్టరు విసుక్కోలేదు. ఇలాంటి లెక్కలు వేసే పాతకాలం మోడళ్ళలో దెబ్బ పోగానే అంతా పాత గీత మీదికి తిరిగొస్తుందనుకునేవాళ్ళమ్మా, అని మొదలుపెట్టాడు. అలా జరగదని తర్వాత తెలిసింది. దెబ్బ పోయినా దాని గుర్తు మిగిలిపోతుంది. కొంతకాలం పని లేనివాళ్ళు పనికి అలవాటు తప్పుతారు, వాళ్ళను తీసుకునేవాళ్ళు ఉండరు. అందుకే కొత్త మోడల్లో గీత కూడా నెమ్మదిగా జరుగుతుంది.

"అంటే మనుషులు గీత దగ్గరికి రాలేదని గీతనే మనుషుల దగ్గరికి జరిపామా సార్?"

సూపర్‌వైజరు దగ్గాడు. ఆ దగ్గుకి మామూలుగా అందరూ కూర్చుంటారు. ఆమె కూర్చోలేదు.

"ఒక మనిషికి మూడేళ్ళు జ్వరం తగ్గలేదనుకోండి. ఈయన ఒంటికి ఇదే మామూలు వేడి అని డాక్టరు మందు ఆపేస్తాడా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు కూడా చిన్నగా నవ్వి, పటంలో ఇంకో గీత మీద కర్ర పెట్టాడు. వెతకడం కూడా మానేసినవాళ్ళ గీత అది. అసలు విషయం ఇదమ్మా అన్నాడు. వీళ్ళలో వందకి తొంభై ఏడుగురు ప్రతి విడతా అదే జవాబు చెబుతున్నారు. మోడల్ని నడిపించేది ఈ నిలకడే. ఒకసారి బయటికెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదంటే, రావాలని లేదన్నమాట. మనుషుల ఇష్టాన్ని గౌరవించాలి కదా.

"నేను ఊహించి చెప్పడం లేదు. మీరు ఇళ్ళకెళ్ళి తెచ్చిన జవాబులేనమ్మా ఇవి," అన్నాడు.

ఆమె కూర్చుంది. టీ గ్లాసు చేతిలో చల్లారిపోయింది. తొంభై ఏడుగురి నిలకడ. అందులో తన చేతిరాత ఎంతుందో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. కాదు, తనతో పాటు తిరిగే ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకుంటున్నారు.

మెట్లు దిగుతుంటే వాళ్ళలో పెద్దవాడు, అందరూ పొడుగు బాబాయ్ అనే ఆయన, ఆమె పక్కకొచ్చాడు. మళ్ళీ అడిగి అసలు సంగతి బయటపెట్టాలన్న నీ ఉద్దేశం నాకర్థమైంది, ఆ పని చెయ్యకన్నాడు. ఉన్న కొమ్మని నరుక్కోవడమే అవుతుంది, పైగా ఆ కొమ్మ మీద మేం ముగ్గురం కూడా కూర్చుని ఉన్నాం, రిటైరవడానికి నాకింకా పద్నాలుగు నెలలుంది అన్నాడు. ఆయన తిట్టడం లేదు, బతిమాలుతున్నాడు.

ఇంట్లో భర్త ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆయన బస్సు కండక్టరు. ఏ మాటకైనా బస్సులోంచే పోలిక తెస్తాడు. కిందటి స్టాపులో ఎంతమంది ఉన్నారో ఈ స్టాపులోనూ అంతమందే ఉన్నారని రాసుకుంటూ పోతే, నా బస్సు డిపోకి చేరేసరికి ఒక్కడూ దిగి ఉండడు అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, కాంట్రాక్టు పోతుందేమో చూసుకో అన్నాడు. చూసుకున్నానంది. మర్నాడు ఆమె లేచేసరికి రెండు పెన్సిళ్ళూ సన్నగా చెక్కి, కాగితాల సంచి పక్కన పెట్టి ఉన్నాయి. ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆమె నలభై ఇళ్ళలో, వెతకడం లేదని రాసిన మనుషులున్న ఇళ్ళు పంతొమ్మిది. మేస్త్రీని పక్కన పెడితే పద్దెనిమిది. ఇంటికి నలభై నిమిషాలు. మంగళ, బుధవారాలు, గురువారం మధ్యాహ్నం దాకా ఆమె వాటి చుట్టూ తిరిగింది. ప్రశ్న ఎలా ఉందో అలాగే చదివింది. మూడేళ్ళ తర్వాత చదువుతుంటే తనకే కొత్తగా ఉంది. చదివాక ఆగాల్సి వచ్చింది. ఆగడం మొదట్లో చాలా ఇబ్బందిగా అనిపించింది. ఎదుటి మనిషి ఆలోచిస్తుంటే, సాయం చేద్దామన్నట్టు పాత జవాబు తన నోటి చివరిదాకా వచ్చేది. దాన్ని మింగుకుని ఊరుకునేది.

మిల్లులో ప్యాకింగు చేసిన ఒకావిడ చెప్పుల షాపు నుంచి ఆస్పత్రి దాకా ఏడు చోట్ల అడిగానని, ఏడు పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. ఏడోది చెప్పాక, మూడేళ్ళ నుంచి ఏం చేశావు అని అన్నిచోట్లా అడిగారండీ, ఏం చేశానని చెప్పను, పని ఇమ్మని మిమ్మల్నే అడుగుతున్నానని వాళ్ళతో అననా, అంది. ఫిట్టరొకాయన తనను ఇంటర్వ్యూకి పిలిచిన ఉత్తరం తెచ్చి చూపించాడు. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఏడాదికి మించి పనిలో లేనివారు రానవసరం లేదని ఉంది. అది తర్వాత చూశానమ్మా, బస్సెక్కి వెళ్ళిపోయాక, అన్నాడు. ఫ్యాక్టరీ లోపల మాత్రం కొత్తవాళ్ళని తీసుకుంటూనే ఉన్నారు. మూడేళ్ళు వీళ్ళని బయట నిలబెట్టింది ఆ గేటే. మూడేళ్ళు బయట నిలబడ్డారని ఇప్పుడు వద్దంటున్నదీ ఆ గేటే. లెక్కలమ్మకి కోపంతో అక్షరాలు వంకర పోయాయి. ఒక పేజీ చింపి మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది.

అందరూ వెతుకుతున్నారనీ కాదు. ఒక ముసలాయన, నాకు పని వద్దు, మనవరాలితో ఆడుకోవాలి అన్నాడు. చంటిపిల్ల తల్లి ఒకామె ఇంకో ఏడాదిదాకా కుదరదంది. ఇంకో ఇద్దరికి ఆరోగ్యం బాగాలేదు. ఆ నాలుగూ ఆమె పాత గడిలోనే పెట్టింది. మిగిలిన పద్నాలుగు మందీ వెతుకుతున్నారు. కొందరు మధ్యలో ఆపేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు. ఇంతసేపు కూర్చుని అడిగినందుకు వాళ్ళే ఆమెకి థాంక్స్ చెప్పారు. ఎండలో వెళుతుంటే ప్యాకింగు ఆవిడ వీధి చివరిదాకా గొడుగు పట్టింది. తప్పు చేసిన మనిషికి గొడుగు పట్టడమేమిటని లెక్కలమ్మకి ఏడుపొచ్చింది.

గురువారం మూడింటికి ఆమె డైరెక్టరు గదిలో పద్దెనిమిది కాగితాలూ పాత కట్టలతో పాటు బల్ల మీద పెట్టింది. సూపర్‌వైజరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. మేము అడగలేదు సార్, అంది. కిందటిసారి జవాబుని ఈసారికి ఎక్కించాం, ఆ జవాబుని ఆ పైసారికి ఎక్కించాం. మీ మోడల్ని నడిపించే నిలకడ వాళ్ళది కాదు, మా పెన్సిలుది.

డైరెక్టరు కళ్ళజోడు తీశాడు గానీ తుడవలేదు. ఒక్కొక్క కాగితమే పాతదానితో పక్కపక్కన పెట్టి చూశాడు. పదినిమిషాలు పట్టింది. ఆ పదినిమిషాల్లో సూపర్‌వైజరు, తను అలాంటి అనుమతి రాతపూర్వకంగా ఎప్పుడూ ఇవ్వలేదని రెండుసార్లు అన్నాడు. నిజమే, నోటిమాటగానే ఇచ్చాడు.

"ఇవి మీ నలభై ఇళ్ళమ్మా. మీ ఒక్కరి పొరపాటుకి ఊరి లెక్కంతా తప్పని ఎలా అనుకోను?" అన్నాడు డైరెక్టరు చివరికి.

తలుపు దగ్గర చప్పుడైంది. పొడుగు బాబాయ్. ఎప్పుడొచ్చాడో, తలుపు చట్టానికి తల తగలకుండా కాస్త వంగి నిలబడి ఉన్నాడు.

"నావీ అంతే సార్," అన్నాడు. "మూడేళ్ళూ అంతే."

ఆ తర్వాత ఆయన లెక్కలమ్మ వైపు చూడలేదు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

డైరెక్టరు ఫోను తీసి మున్సిపాలిటీకి మాట్లాడాడు. ఉత్తరం ఆపమన్నాడు. ఊరంతా మళ్ళీ అడిగి, లెక్క తేలేదాకా షెడ్డు మూయొద్దని, దానికి నెలో రెండు నెలలో పడుతుందని చెప్పాడు. ఆయన మంచి మనిషే. మోడల్ని కూడా మళ్ళీ చూడాలి అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత, అంత మెత్తగానూ, తప్పుడు జవాబు రాసి సంతకం పెట్టినవాళ్ళ మీద చర్య తీసుకోక తప్పదన్నాడు. ఒప్పుకున్నారు గనక బాబాయ్‌కి హెచ్చరిక. పాత కట్టల మీద సంతకాలన్నీ ఎదురుగా బల్ల మీదే ఉన్నాయి గనక లెక్కలమ్మ కాంట్రాక్టు నెలాఖరుతో ఆఖరు. ఊరంతా మళ్ళీ అడిగించే పనికి పర్యవేక్షణ సూపర్‌వైజరుదే. అనుభవం ఉంది కదా అన్నాడు.

ఆ మాటకి ఆమె ఒళ్ళు మండింది. కానీ ఆ మంటలోనే ఎక్కడో ఒక చల్లని సంతోషం కూడా ఉంది. షెడ్డు నిలబడింది. ఇంకా ఒక్క కాగితం మిగిలుంది, దాన్ని నింపే హక్కు నెలాఖరుదాకా తనదే.

శుక్రవారం పొద్దున ఏడున్నరకే వెళ్ళింది, మేస్త్రీ బయల్దేరకముందే అందుకోవాలని. వెళ్ళేసరికి ఆయన గడప మీద లేడు. లోపల నేల మీద కూర్చుని, భార్య ఇస్త్రీ చేసిన చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతున్నాడు. కాలరు కింద బొటనవేలు పెట్టి, చేతులు వెనక్కి మడిచి, కొలిచినట్టు అంచుకి అంచు కలుపుతున్నాడు. భార్య ఇటు తిరగకుండా ఇస్త్రీ చేసుకుంటోంది. లెక్కలమ్మ కూర్చుంటూనే షెడ్డు సంగతి చెప్పింది.

"మంచిదమ్మా. చాలామంది ఉన్నారు అక్కడ," అన్నాడాయన. మడత ఆపలేదు.

ఆమె కాగితం తీసింది. ప్రస్తుతం మీరు పని కోసం వెతుకుతున్నారా, అని చదివి, ఆగింది.

"లేదు."

ఆమె తలెత్తింది.

"లేదని రాయండి. ఈసారి నిజమే."

భార్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అటే నిలుచుంది. ఏం జరిగిందో ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది, తర్వాత ఆయన అందుకున్నాడు. బుధవారం గేటు దగ్గర నిజంగానే పిలిచారు. మూడేళ్ళలో మొదటిసారి. లోపలికి తీసుకెళ్ళి, కొత్త లేతు మిషను ముందు నిలబెట్టి, పంపు లోపల తిరిగే ఇనప కడ్డీ, షాఫ్టు ఒకటి కోసి చూపించమన్నారు. కొలత ఇచ్చారు. ఇలాంటివి కొన్ని వేలు చేశానమ్మా, కళ్ళు మూసుకుని చేస్తాను, అన్నాడు. అన్నీ బాగానే వచ్చాయి. చివరి కోత మిగిలింది. అక్కడే పోయింది.

"షెడ్డులో లేతు అరిగిపోయింది. లోపల స్క్రూ వదులైంది, ఆట ఎక్కువ. పిడి తిప్పితే ముందు కాస్త ఉత్తినే తిరుగుతుంది, ఆ తర్వాతే కోసే టూలు కదులుతుంది. ఎంత ఉత్తిగా తిరుగుతుందో అంతా కలిపి తిప్పాలి. మూడేళ్ళు దాని మీదే చేశాను కదా, చెయ్యి దానికి అలవాటు పడింది." ఆయన గాల్లో పిడి పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి, కొంచెం తిప్పి, ఇంకాస్త తిప్పి చూపించాడు. "కొత్త మిషనులో ఆట లేదు. తిప్పినంతా కోసింది. నాకు తెలుస్తూనే ఉంది, చెయ్యి ఆగలేదు. షాఫ్టు సన్నబడిపోయింది. కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు."

ఇంకొకటి ఇమ్మని అడగలేదా అంది లెక్కలమ్మ. అడిగాడట. లోపలి ఆఫీసరు, తన పిల్లల వయసువాడు, మర్యాదగానే చెప్పాడట. మూడేళ్ళు ఖాళీగా ఉంటే ఎవరికైనా ఇంతే పెద్దాయనా, మీ తప్పు కాదు, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. ఖాళీగా ఎక్కడున్నాను, రోజూ పని చేస్తూనే ఉన్నాను, అందుకే పోయింది, అని చెప్పాలనుకున్నాడు. అప్పటికే ఆ ఆఫీసరు వరసలో తర్వాతి మనిషిని పిలిచాడు.

లెక్కలమ్మకి ఎవరి మీద కోప్పడాలో కాసేపు తెలియలేదు. అరిగిన మిషన్లిచ్చి సాధన చేసుకోమన్నవాళ్ళ మీదా, ఒక్క షాఫ్టుతో ముప్ఫై ఏళ్ళని కొలిచినవాడి మీదా, లేక ఈ మనిషి ఎక్కడున్నాడో పది విడతలు అడగకుండానే రాసిన తన మీదా. బుధవారం ఆమె ఇక్కడికి రాలేదు. ఈ ఇల్లు దగ్గరే కదా, చివర్లో తీరిగ్గా వద్దామనుకుంది.

మేస్త్రీ మరో చొక్కా అందుకున్నాడు. "రాసేయండమ్మా. మీకు ఆలస్యమవుతుంది."

అడగాలని పోరాడి వచ్చింది. చెప్పిన జవాబు రాయకపోతే ఆ పోరాటానికి అర్థం లేదు. ఆమె పెన్సిలు తీసి, వెతకడం లేదు అన్న గడిలో టిక్కు పెట్టింది. మొదటిసారి తప్ప పది విడతలూ అబద్ధంగా పెట్టిన టిక్కు అది. పన్నెండో విడత మళ్ళీ నిజమైంది. గీత గీసిన శబ్దంలో కూడా తేడా లేదు.

మామూలుగా అక్కడ కాగితం మడిచేస్తారు. వెతకడం లేదన్నాక అడిగేందుకు ఏమీ ఉండదని ఆఫీసులో అందరూ అనుకుంటారు, ఆమె కూడా అనుకునేది. ఈ మూడు రోజుల్లో అన్ని పేజీలూ చదవాల్సొచ్చింది గనక, పేజీ తిప్పింది. కింద రెండే రెండు ప్రశ్నలు.

"పని దొరికితే చేస్తారా?"

మేస్త్రీ చేతుల్లో చొక్కా సగం మడతలో ఆగింది.

"చేస్తారని రాయండి," అంది భార్య.

"వదినగారూ, ఆయనే చెప్పాలి. అది రూలు," అంది లెక్కలమ్మ. అని, ఆగింది. ఆగడం ఆమెకి ఇప్పుడు అలవాటైంది. వీధిలో పాల బండి వెళ్ళింది. ఇస్త్రీ పెట్టె కిందున్న గుడ్డ కాస్త కమిలిన వాసన వేస్తే, ఆవిడ చూడకుండానే పెట్టెని పక్కకి జరిపింది. మేస్త్రీ తన కుడిచెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకున్నాడు. ఆ చెయ్యి తనది కాదన్నట్టు, ఎవరో చూసి పెట్టమని ఇచ్చినట్టు, చాలాసేపు చూశాడు.

"ఇంకోసారి చదవండి," అన్నాడు.

ఆమె చదివింది.

"చేస్తాను."

ఆమె రాసింది. రెండో ప్రశ్న, ఏ తేదీ నుంచి మొదలుపెట్టగలరు. ముందు ఒక ఖాళీ గడి ఉంది.

ఆయన సగం మడతలో ఉన్న చొక్కాని పూర్తిగా మడిచి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేశాడు.

"ఇవాళ తేదీ ఎంతమ్మా?"

ఆమె చెప్పింది.

"అదే వెయ్యండి."